పెన్సిలిన్ ప్రదాత సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్

పూర్వము కాలిలో ముల్లు విరిగి, చీముపట్టి, పదిదినములలో ప్రాణము విడిచినవారు ప్రతి గ్రామమునను ఉండిరి. పురిటి మంచము మీదనే జ్వరము తగిలి కన్నుమూసిన బాలింతలకు లెక్కలేదు. చిన్న గాయము పెద్ద మృత్యువునకు ద్వారమగుచుండెను. ఈ విషయమున రాజునకును పేదకును, తెల్లవానికిని నల్లవానికిని భేదము లేకుండెను. ఆ ద్వారమును చాలవరకు మూసివేసిన మహనీయులలో సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ముఖ్యుడు. ఆయన ధనవంతుల యింట పుట్టినవాడు కాడు. గొఱ్ఱెల మందల నడుమ పెరిగిన రైతుబిడ్డ. గుమాస్తాగా బ్రతుకు ప్రారంభించి, వైద్యుడై, మహాయుద్ధమున క్షతగాత్రుల నడుమ నాలుగేండ్లు గడపి, ఆ అనుభవము నుండియే తన జీవితాశయమును ఏరుకొన్న పురుషుడు. ఆయన చరిత్రము గ్రామవాసులకు విశేషముగా తెలిసికొనదగినది.

జననము – బాల్యము

స్కాట్లండు దేశమున ఎయిర్‌షైర్ మండలములో డార్వెల్ అను చిన్న పట్టణము కలదు. దానికి నాలుగు మైళ్ళ దూరమున, కొండబీళ్ళ నడుమ, లోక్‌ఫీల్డు అను సేద్యగృహమున 1881వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అలెగ్జాండర్ జన్మించెను. తండ్రి హ్యూ ఫ్లెమింగ్ సుమారు 800 ఎకరముల భూమిని కౌలుకు చేయుచుండెను. ఎకరముల సంఖ్య వినుటకు పెద్దదే గాని, ఆ నేల సారము లేనిది, గాలివానలకు నిలయమైనది. గొఱ్ఱెల పెంపకమే ముఖ్య జీవనాధారము. కొన్ని పశువులు, కొద్దిపాటి పైరు దానికి తోడు. హ్యూ మొదటి భార్య గతించిన పిమ్మట, దాదాపు 60 ఏండ్ల వయస్సున గ్రేస్ మోర్టన్ అను ఆమెను వివాహమాడెను. మొదటి భార్య సంతానము నలుగురు, గ్రేస్ సంతానము నలుగురు. ఈ కడపటి నలుగురిలో అలెగ్జాండర్ మూడవవాడు.

బాలునకు ఏడేండ్లు వచ్చునప్పటికే తండ్రి స్వర్గస్థుడయ్యెను. గ్రేస్ ధైర్యముగల ఇల్లాలు. సవతిబిడ్డలు, సొంతబిడ్డలు అను భేదము లేక అందఱిని ఒక్క కుదురుగా పెంచెను. పెద్దకొడుకు సేద్యము చూచుకొనెను. పిల్లలు బడిలేని వేళల కొండవాగులలో చేతులతోనే చేపలను పట్టుచు, కుందేళ్ళను వెన్నాడుచు, పక్షిగూళ్ళను కనిపెట్టుచు తిరుగుచుండిరి. చూచినదానిని గుర్తుంచుకొనుట, చూడనిదానికై వెదకుట ఫ్లెమింగ్ ఈ కొండబీళ్ళలోనే అభ్యసించెను. తరువాతి కాలమున ప్రయోగశాలలో ఆయనకు అక్కఱకు వచ్చిన విద్య ఇదియే.

మొదట కొండమీది చిన్న బడిలోను, పదియవ ఏట నుండి డార్వెల్ పాఠశాలలోను ఆతడు చదివెను. డార్వెలునకు పోవుటకు నాలుగు మైళ్ళు, వచ్చుటకు నాలుగు మైళ్ళు నడక. చలికాలపు ఉదయములందు తల్లి ప్రతి బిడ్డకును కాల్చిన వేడి బంగాళాదుంపలను ఇచ్చెడిదట. దారిలో చేతులు కాచుకొనుటకును, బడి చేరిన పిదప తినుటకును అవియే ఆధారము. పిమ్మట రెండేండ్లు కిల్మార్నాక్ అకాడమీలో చదివెను. ఆ సేద్యము ఇందఱు కొడుకులను పోషింపజాలదు. కావున 1895లో, పదమూడేండ్ల ప్రాయమున, లండన్‌లో కంటివైద్యుడుగా ఉన్న సవతి అన్న టామ్ యొద్దకు పోయెను.

గుమాస్తా – సిపాయి – విద్యార్థి

లండన్‌లో పాలిటెక్నిక్ విద్యాలయమున కొంతకాలము చదివి, పదునాఱవ ఏట ఒక ఓడల వర్తకశాలలో గుమాస్తాగా చేరెను. లెక్కల పుస్తకములు వ్రాయుచు నాలుగేండ్లు గడచెను. ఆ పనియందు ఆతనికి ఏమాత్రమును ప్రీతి లేకుండెను. 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధము జరుగుచుండగా, సోదరులతో గూడ లండన్ స్కాటిష్ అను స్వచ్ఛంద సైనికదళమున సిపాయిగా చేరెను. ఆతడు సముద్రము దాటకుండగనే ఆ యుద్ధము ముగిసెను. కాని తుపాకి గురియందు, ఈతయందు, నీటిలో ఆడు బంతియాటయందు మంచి నేర్పు అలవడెను. ఆ దళమున 1914 వఱకు ఆయన సామాన్య సిపాయిగానే ఉండెను. పై పదవిని కోరలేదు.

1901లో అవివాహితుడైన పినతండ్రి ఒకడు మరణించి, ఆస్తిని బంధువులకు పంచగా అలెగ్జాండర్ వాటాకు 250 పౌనులు వచ్చెను. అన్న టామ్ ఆ ధనముతో వైద్యము చదువుమని ప్రోత్సహించెను. ప్రవేశపరీక్షలకు కావలసిన చదువు ఆతనికి లేకుండెను. కొద్దికాలమే పట్టుదలతో చదివి ఆ పరీక్షలలో అగ్రగణ్యుడయ్యెను. లండన్‌లో వైద్యకళాశాలలు పండ్రెండు ఉండగా సెయింట్ మేరీస్ కళాశాలనే ఎన్నుకొనుటకు కారణము వింతగా నుండును. ఆ కళాశాల జట్టుతో తాను ఒకప్పుడు నీటి బంతియాట ఆడియుండుటయే ఆ కారణము!

1906లో వైద్యపట్టము పొందెను. శస్త్రవైద్యుడు కావలెనని ఆతని తలంపు; అందుకు తగిన ఉన్నత పరీక్షయందును 1909లో కృతార్థుడయ్యెను. కాని ఆ కళాశాల తుపాకి జట్టువారు మంచి గురికాడు చేజారిపోకుండవలెనని, ఆతనిని అచ్చటి టీకాల పరిశోధనశాఖలో చేరునట్లు చేసిరి. ఆ శాఖకు అధిపతి సర్ ఆల్మ్రోత్ రైట్. టైఫాయిడ్ జ్వరమునకు టీకాను సిద్ధపఱచి, ప్లేగు విచారణసంఘ సభ్యుడుగా 1898లో భారతదేశమునకు సైతము వచ్చిన విద్వాంసుడాయన. తుపాకి గురికొఱకు చేరిన ఫ్లెమింగ్ ఆ శాఖలోనే 49 సంవత్సరములు, అనగా మరణపర్యంతము నిలిచిపోయెను.

మహాయుద్ధము నేర్పిన పాఠము

1914లో ప్రథమ మహాయుద్ధము సంభవించెను. రైట్ తన శిష్యులతో ఫ్రాన్సు దేశపు బులోన్ రేవునకు వెడలెను. ఫ్లెమింగ్ సైనిక వైద్యదళమున లెఫ్టినెంటుగా చేరి, పిదప కెప్టెన్ అయ్యెను. బులోన్‌లోని ఒక పెద్ద జూదశాల సైనికుల ఆసుపత్రిగా మాఱెను. దాని పై అంతస్తున వీరి ప్రయోగశాల అమరెను. క్రింద శాలలలో వరుసలు వరుసలుగా మంచములు. వానిపై కాళ్ళుచేతులు చితికిన యువకులు.

ఆ గాయముల స్వరూపము అదివఱకు వైద్యులు ఎఱుగనిది. యుద్ధము జరిగిన నేలలు తరతరములుగా పశువుల ఎరువు వేసి దున్నిన పొలములు. ఆ మట్టిలో ధనుర్వాతమును, కండను కుళ్ళజేయు గ్యాస్ గాంగ్రీన్ అను వ్యాధిని కలిగించు క్రిములు ఉండును. గుండు తగిలినప్పుడు బురదతో తడిసిన బట్టపేలికలు గాయములోనికి లోతుగా దూరుచుండెను. ఫ్లెమింగ్ గాయములను, వానినుండి తీసిన గుడ్డపేలికలను పరీక్షించి, వానియందు ఈ క్రిములు ఏ మేరకు ఉన్నవో 1915లో వెల్లడించెను.

నాటి వైద్యులు గాయములను కార్బాలిక్ ఆమ్లము మొదలగు క్రిమినాశక ద్రవములతో నింపుచుండిరి. క్రిములను చంపు మందు మంచిదే కదా యని అందఱి నమ్మకము. ఫ్లెమింగ్ దీనిని సందేహించెను. గాజుగొట్టమును కాచి, ముండ్లవలె లోతైన మూలలు ఏర్పడునట్లు సాగదీసి, కృత్రిమ గాయమును తయారుచేసెను. దానిని క్రిములుగల ద్రవముతో నింపి, పాఱబోసి, క్రిమినాశకముతో కడిగిచూచెను. ఎన్నిసార్లు కడిగినను ఆ మూలలలో దాగిన క్రిములు తిరిగి వృద్ధిపొందుచునే యుండెను. అంతియేకాదు, ఆ మందులు క్రిములకంటె ముందుగా మన దేహమును కాపాడు తెల్ల రక్తకణములనే చంపుచున్నవని ఋజువుచేసెను. చితికిన కండను కోసివేసి, ఉప్పునీటితో కడిగి, దేహపు సహజశక్తికి తోడ్పడుటయే మేలని రైట్, ఫ్లెమింగులు బోధించిరి. పెక్కుమంది సేనావైద్యులు చెవినిడలేదు. పాత పద్ధతియే సాగెను. గాయము మానక మరణించువారు మరణించుచునే యుండిరి.

కళ్ళయెదుట యువకులు చనిపోవుచుండ, చేతిలోని మందు సాయము చేయకపోగా హాని చేయుచున్నదని తెలిసియు ఏమియు చేయలేకపోవుట ఎంతటి వేదన! క్రిమిని చంపవలెను, కాని మనుష్యుని కణములకు హాని చేయరాదు. అట్టి వస్తువు ప్రకృతిలో ఎచ్చటనైన ఉన్నదా యను ప్రశ్న నాటినుండి ఆయన మనస్సును వీడలేదు. ఈ నడుమ 1915 డిసెంబరు 23న ఐరిష్ నర్సు సారా మెక్ఎల్రాయ్‌ను వివాహమాడెను. 1919లో సైన్యమును వీడి తిరిగి సెయింట్ మేరీస్ చేరెను.

కన్నీటి నుండి బూజు దాక

1921లో ఫ్లెమింగునకు జలుబు చేసెను. తన ముక్కునీటి చుక్కను క్రిములు పెరుగుచున్న గాజుపళ్ళెముపై వేసిచూడగా, ఆ చుట్టుప్రక్కల క్రిములు కరగిపోయెను. కన్నీటియందు, లాలాజలమునందు, కోడిగ్రుడ్డు తెల్లసొనయందు ఆ పదార్థమే కలదని పిమ్మట తేలెను. దానికి లైసోజైమ్ అని పేరిడిరి. కన్నీటికొఱకు ఆయన నిమ్మతొనలను పిండి తనకును, సహాయకులకును కన్నీరు తెప్పించుచుండెనని చెప్పుకొందురు. దేహమునకు హాని చేయని క్రిమిహారి ఇదియే. కాని ఘోరవ్యాధులను కలిగించు క్రిములపై దీని ప్రభావము స్వల్పము. ప్రశ్నకు సగము జవాబు దొరకెను.

మిగిలిన సగము 1928లో దొరకెను. ఆ వేసవిలో కుటుంబముతో పల్లెకు వెళ్ళి, సెప్టెంబరు 3న తిరిగివచ్చి, బల్లపై వదలిపోయిన పాత పళ్ళెములను పరిశీలింపసాగెను. సెగగడ్డలను, చీమును కలిగించు క్రిములు వానిలో పెరుగుచుండెను. ఒక పళ్ళెమున ఆకుపచ్చని బూజు పట్టెను. ఊరగాయ జాడికిని, నిలువయున్న రొట్టెకును పట్టు బూజువంటిదే అది. మఱియొకడైనచో పళ్ళెము పాడైనదని పాఱవేయును. ఫ్లెమింగ్ నిలిచి చూచెను. బూజు చుట్టును కొంత మేర క్రిములు కరగి, ఆ చోటు తేటపడియుండెను. ఆ బూజువిత్తు క్రింది అంతస్తున బూజులను పెంచు పరిశోధకుని గదినుండి వచ్చియుండునని విజ్ఞుల అభిప్రాయము. దైవికముగా వచ్చినదే, కాని దానిని గుర్తించుటకు పదునాలుగేండ్లుగా వెదకుచున్న కన్ను కావలసియుండెను.

బూజును వేఱుగా పెంచి, దాని రసమును పరీక్షించెను. 800 రెట్లు పలుచన చేసినను అది క్రిములను పెరుగనీయకుండెను. తెల్ల రక్తకణములకు హాని చేయకుండెను. పెన్సిలియమ్ అను బూజుజాతినుండి వచ్చినది గనుక దానికి పెన్సిలిన్ అని పేరిడి, 1929లో ఒక వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించెను.

కాని లోకము కదలలేదు. బూజురసమునుండి పెన్సిలినును శుద్ధముగా వేఱుచేయుట ఫ్లెమింగునకుగాని, ఆయన సహాయకులకుగాని సాధ్యముకాలేదు. అది కొలదిదినములలోనే శక్తి కోల్పోవుచుండెను. ఆయన రసాయనశాస్త్రవేత్త కాడు. సభలలో వాక్చాతుర్యముతో ఒప్పించువాడును కాడు. అయినను ఆ బూజును నశింపనీయక, అడిగినవారికెల్ల పంచుచు, ప్రయోగశాలలో పోషించుచుండెను.

గ్రంథాలయమున మేల్కొన్న వ్యాసము

పదేండ్లకు ఆ వ్యాసము మేల్కొనెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున హవర్డ్ ఫ్లోరీ అను ఆస్ట్రేలియా దేశీయుడు ఆచార్యుడుగా ఉండెను. హిట్లరు పాలనవలన జర్మనీ వీడివచ్చిన యూదుజాతి రసాయనశాస్త్రవేత్త ఎర్నెస్ట్ చెయిన్ ఆయన యొద్ద పనిచేయుచుండెను. 1938లో చెయిన్ పాత పత్రికల సంపుటములను తిరుగవేయుచుండగా 1929 నాటి ఫ్లెమింగ్ వ్యాసము ఆయన కంటబడెను. వారును, నార్మన్ హీట్లీ అను మఱియొక ప్రజ్ఞావంతుడును కూడి పెన్సిలినును పొడిగా వేఱుచేయగలిగిరి. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతక క్రిములను ఎక్కించి, నాలుగింటికి మాత్రము మందు ఇచ్చిరి. తెల్లవాఱునప్పటికి మందు పొందిన నాలుగును సజీవములై యుండెను. తక్కిన నాలుగును చచ్చిపోయెను. ఆ ఏడే ఫ్లెమింగ్ ఆక్స్‌ఫర్డునకు వెళ్ళి ఆ పనిని కనులార చూచెను. ఆయన ఏనాడో గతించెనని చెయిన్ అనుకొనియుండెనట!

1941 ఫిబ్రవరి 12న మొదటిసారిగా, దేహమంతయు విషమెక్కి మరణశయ్యపై నున్న ఒక పోలీసు ఉద్యోగికి పెన్సిలిన్ సూదిమందు ఇచ్చిరి. కొద్దిదినములలో జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. కాని మందు నిండుకొనెను. ఆతని మూత్రమునుండి సైతము మందును తిరిగి వేఱుచేసి ఇచ్చిరి, అదియును చాలకపోయెను. మార్చి 15న ఆతడు మరణించెను. మందు పనిచేయునని తేలెను. చాలినంత లేకపోవుటయే కొఱత.

ఇంగ్లండుపై బాంబులు పడుచుండగా ఫ్లోరీ, హీట్లీలు బూజును వెంటగొని అమెరికా వెళ్ళిరి. ఇల్లినాయిస్ రాష్ట్రమున పియోరియా పట్టణపు వ్యవసాయ పరిశోధనశాలలో, మొక్కజొన్నలను నానబెట్టగా మిగిలిన చిక్కని నీటిలో ఈ బూజు అనేకరెట్లు ఎక్కువ మందు నిచ్చునని కనుగొనిరి. 1943లో ఆ ఊరి అంగడినుండి తెచ్చిన కుళ్ళిన ఖర్బూజపండు బూజు మఱింత మేలైనదని తేలెను. ఈ మందు ప్రపంచమునకెల్ల అందుటలో రైతు పండించిన మొక్కజొన్నకును, పండునకును ఇట్లు పాలు కలదు. పెద్ద తొట్లలో బూజును పెంచు విధానము ఏర్పడెను. 1944 జూన్ 6న మిత్రసైన్యములు ఫ్రాన్సు తీరమున దిగునప్పటికి క్షతగాత్రులకు చాలినంత పెన్సిలిన్ సిద్ధమై యుండెను. బులోన్ జూదశాలలో పుట్టిన ప్రశ్నకు ముప్పదియేండ్లకు, అదే దేశపు నేలపై, పూర్తి జవాబు లభించెను.

కీర్తి – నిరాడంబరత

1943లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1944లో సర్ బిరుదము, 1945లో ఫ్లోరీ, చెయినులతో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము ఫ్లెమింగును వరించెను. దేశదేశములు ఆయనను ఆహ్వానించెను. స్వస్థలమైన డార్వెల్ పట్టణము 1946లో పౌరసన్మానము చేసెను. మ్యాడ్రిడ్ నగరమున ఎద్దుపోరు రంగస్థలము యెదుట, కొమ్ముపోట్లనుండి బ్రతికి బయటపడిన పోరుకాండ్రు ఆయన విగ్రహమును నెలకొల్పిరి. పెన్సిలినుపై ఆయన సొంతముగా ధనమార్జింపలేదు. అమెరికా మందుల వ్యాపారులు గౌరవపురస్కారముగా సమకూర్చిన లక్ష డాలర్లను తన ఆసుపత్రి పరిశోధనలకే వినియోగపఱచెను. పెన్సిలినును ప్రకృతి చేసినది, తాను చూచితిని మాత్రమే యని ఆయన భావము. పత్రికలు కీర్తినంతయు ఆయనకే కట్టబెట్టుటచే ఆక్స్‌ఫర్డు వారికి మనస్తాపము కలిగిన మాటయు నిజమే. నేడు చరిత్రకారులు విత్తిన చేయిని, పండించిన చేతులను సమముగా గౌరవించుచున్నారు.

ఫ్లెమింగ్ తండ్రి బురదలో మునుగుచున్న చర్చిల్ బాలుని కాపాడెననియు, ప్రత్యుపకారముగా చర్చిల్ తండ్రి ఫ్లెమింగును చదివించెననియు ఒక కథ వాడుకలో నున్నది. అది కేవలము కల్పితము. ఆయనను చదివించినవి పినతండ్రి ఇచ్చిన 250 పౌనులు, అన్న సలహా, స్వయంకృషి.

సారా 1949లో మరణించెను. 1953లో ఆయన గ్రీకు దేశపు పరిశోధకురాలు డాక్టర్ అమాలియాను వివాహమాడెను. 1955 మార్చి 11న, 73 ఏండ్ల వయస్సున, గుండెపోటుతో లండన్‌లో పరమపదించెను. ఆయన చితాభస్మమును ఆంగ్లదేశ మహావీరులు నిద్రించు సెయింట్ పాల్ దేవాలయమున నిక్షేపించిరి.

ఆయన హెచ్చరిక

పెన్సిలిన్ వెంట మఱెన్నో అట్టి మందులు వచ్చినవి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను మందు, భీమవరమున జన్మించిన మన ఆంధ్రుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ సంస్థనుండి వచ్చినదే. మనదేశమున పింప్రీలో 1954లో ప్రభుత్వ రంగమున స్థాపితమైన కర్మాగారము పెన్సిలిన్ తయారీకి నాంది పలికెను.

అయితే నోబెల్ బహుమాన సభలోనే ఫ్లెమింగ్ లోకమును హెచ్చరించెను. మందును చాలీచాలకుండ వాడినచో క్రిములు చావక, దానికి అలవాటుపడి, మొండికెత్తునని విశదీకరించెను. ఆ మాట అక్షరాల నిజమైనది. 1940ల చివరనే లండన్ ఆసుపత్రులలో పెన్సిలినునకు లొంగని క్రిములు ప్రబలెను. నేడు ఈ సమస్య ప్రపంచమంతటిని బాధించుచున్నది. వైద్యుని సలహా లేక అంగడిలో మాత్రలు కొని మ్రింగుట, రెండుదినములకు నెమ్మదింపగానే మానుట, ఈ మందులు పనిచేయని సాధారణపు జలుబునకు వాడుట, కోళ్ళకును చేపల చెఱువులకును మితిమీరి పోయుట – ఇవన్నియు ఆ మొండిక్రిములకు మనమే ఎరువు వేసి పెంచుటతో సమానము. ఒక మహనీయుడు జీవితమంతయు ధారపోసి మూసిన ద్వారమును మన చేతులతో మనమే తెఱువరాదు.

ఫ్లెమింగ్ చరిత్రము చెప్పు నీతులు పెక్కు గలవు. పల్లెలో పుట్టుట విద్యకు అడ్డుకాదు. కనులు తెఱచి చూచువానికి బూజుపట్టిన పళ్ళెమును గురువగును. ఇక గ్రంథాలయ పాఠకులు విశేషముగా గుర్తింపవలసినది మఱియొకటి కలదు. ఆ 1929 నాటి వ్యాసము పదేండ్లు బీరువాలో మౌనముగా నిలిచెను. ఎవరును అడుగలేదని దానిని భద్రపఱచినవారు పాఱవేయలేదు. ఒకనాడు ఒక పాఠకుడు వచ్చెను, సంపుటము తెఱచెను. ఆ పిమ్మట కోట్లకొలది ప్రాణములు నిలిచెను. ఏ పుస్తకము ఏ చేతి కొఱకు వేచియున్నదో ఎవరెఱుగుదురు? కావున పుస్తకమును భద్రపఱచుటయు, తెఱచి చదువుటయు రెండును లోకసేవయే.